తాడు విప్పే మనిషి

షిబెనిక్ రేవులో ఐదున్నర.
నీళ్లు ఇంకా పక్క దిగలేదు.
మా చెల్లెలు లూత్సే కాగితం చదువుతోంది
బళ్లో హాజరు పిలిచినట్టు.
తాగేనీళ్లు, నలభై లీటర్లు?
ఉన్నాయి.
డీజిల్?
నిండుగా.
ఉల్లిపాయలు, ఉప్పుచేప, ఆలివ్ నూనె,
కడుపు తిప్పితే నిమ్మకాయలు?
ఉన్నాయి, ఉన్నాయి.
ఇంజనుకి రెండో తాళంచెవి?
నేను పలకలేదు.

అరవై దాటిన అక్కచెల్లెళ్లం.
ఆస్పత్రి వంటింట్లో ముప్పై ఏళ్లు
చారు కలియబెట్టాను నేను.
కిటికీలోంచి ద్వీపాలు కనబడేవి
ఆవిరి పట్టిన అద్దం మీద మరకల్లా.
తుడిస్తే పోతాయేమోనని
తుడిచేదాన్ని కాదు.

ఫిబ్రవరిలో పడవ కొన్నాం.
చేపలు పట్టే ష్పిరో పోయాక
వాళ్లావిడ మాండినా అమ్మింది.
ఆవిడ బేరమాడలేదు, మేమూ ఆడలేదు.
మార్చి అంతా గీకాం.
నీలం కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు,
ఎరుపు కింద పేరు తెలియని ఏదో రంగు.
అక్కడితో ఆపమంది లూత్సే.
ఇంకా గీకితే సముద్రం తగులుతుందట.

మూడు రోజులు యూగో వీచింది.
ఆ దక్షిణపు గాలికి ఊరంతా
ముక్కు మీద కోపం, కీళ్లలో పోట్లు,
రొట్టెల కొట్టు వాడు కూడా చిల్లర విసిరేశాడు.
రాత్రి తగ్గింది.
వాయవ్యం నుంచి పిల్లగాలి, అలలు మోకాలెత్తు
అంటోంది రేడియో.
ఇవాళ కాకపోతే ఇంకెప్పుడో.

అప్పుడొచ్చింది మాండినా.
నల్ల గౌను, మగవాళ్ల చెప్పులు,
చేతిలో రెండో తాళంచెవి.
"ఇవ్వడం మరిచాను," అంది.
నాలుగు నెలలు మరిచింది.

ఊరెళ్తూ పొరుగింటికి గాడిదను అప్పగించినట్టు
పడవ గుణాలు చెప్పుకొచ్చింది.
"పొద్దున్నే రెండుసార్లు దగ్గుతుంది.
మూడోసారి అందుకుంటుంది. తిట్టకండి.
చుక్కాని ఎడమకి మొగ్గుతుంది,
అది దాని తప్పు కాదు, ఆయన భుజం అలవాటు.
జిర్యేలో రెండో కొండ చాటున లంగరు వేయండి,
అక్కడ అడుగున ఇసుక, పట్టు దొరుకుతుంది."
నీకెలా తెలుసు అన్నాను.
"రోజూ భోజనాల దగ్గర చెప్పేవాడుగా."

"నువ్వూ రా," అంది లూత్సే,
"మూడో బల్ల ఖాళీయే."

మాండినా ఇటూ అటూ చూసింది,
రేవులో గోడలకి చెవులున్నట్టు.
"నాకు పడదు.
పెళ్లయిన కొత్తలో ఒక్కసారి ఎక్కాను,
పేగులు నోట్లోకొచ్చాయి.
అంచు మీదకి వంగి, చేపల్ని చూస్తున్నానన్నాను.
ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు
ఒక ఆదివారం బట్టల ఉతుకు,
ఒక ఆదివారం అత్తిపళ్లు ఎండబెట్టాలి,
ఒక ఆదివారం ఊరికే తలనొప్పి.
నాకు సముద్రమంటే ఇష్టం లేదనుకునే పోయాడు."
కాసేపాగి,
"ఇష్టమే. ఒడ్డు నుంచి."

తాడు తనే విప్పుతానంది.
మేలో పడవ నీళ్లలోకి దిగిన రోజు
అందుకుని కట్టిందీ ఆవిడే,
ష్పిరో వేసే ముడి.
నిన్న సాయంత్రం మేమిద్దరం లాగీ లాగీ
గోళ్లు విరగ్గొట్టుకున్న ముడి అది.
ఆవిడ చూడను కూడా చూడలేదు.
బొటనవేలితో ఎక్కడో నొక్కింది,
తాడు పాములా జారి ఆమె కాళ్ల దగ్గర పడింది.

ఇంజను దగ్గింది.
మళ్లీ దగ్గింది.
మేం తిట్టలేదు.
మూడోసారి అందుకుంది.

ఒడ్డుకీ మాకూ మధ్య జానెడు నీళ్లు,
మూరెడు,
బారెడు,
ఆపైన కొలతకి చేతులు చాలలేదు.

మాండినా ఏదో అరుస్తోంది.
పసుపు సంచీ ఒకటి తలపైకెత్తి ఊపుతోంది.
ఏమిటో వినబడటంలేదు, కనబడుతోంది.
నిమ్మకాయలు.

లూత్సే కాగితం విప్పి చూసింది.
నిమ్మకాయల పక్కన చక్కగా టిక్కు ఉంది.

నేను చుక్కాని కాస్త కుడికి పట్టుకుని
దూరంగా ఏదో చూస్తున్నట్టు నించున్నాను.